నిర్ణయం మాకు వదలండి: టాడ్ హోవార్డ్ గారికి బహిరంగ లేఖ

బెథెస్డా గేమ్ స్టూడియోస్ సారథి టాడ్ హోవార్డ్ గారికి,



ఎల్డర్ స్క్రోల్స్ ఆరో భాగం పూర్తయ్యాక ఫాల్‌అవుట్ 5 మొదలుపెడతామని మీరు 2022లో చెప్పారు. ఆ ఆట మా చేతికి రావడానికి ఇంకా ఎన్నేళ్లు పట్టినా, చెప్పాల్సిన మాట ఇప్పుడే చెప్పాలి. కథ కాగితం మీద ఉన్నప్పుడు మార్చడం తేలిక. నటులు గొంతులిచ్చి, పటాలు గీసి, ఆట డిస్కులోకి ఎక్కాక ఎంత మంచి సలహా అయినా ఆలస్యమే.

ఈ లేఖ ముఖ్యంగా మీరు ఆట విడుదలయ్యాక జోడించే కథల గురించి. మీరు వాటిని ఎక్స్‌పాన్షన్లంటారు, మేం డీఎల్‌సీలంటాం. ఒక్కో దాని మీద ఆటగాళ్లు ఏమన్నారో, ఎందుకు మెచ్చారో, ఎందుకు కోప్పడ్డారో వరసగా పెట్టి చూస్తే ఒకే మాట వినిపిస్తుంది. అది ‘మాకు ఇంకా పెద్ద మ్యాప్ కావాలి’ అని కాదు, ‘ఇంకా మంచి తుపాకులు కావాలి’ అని కూడా కాదు. ‘నిర్ణయం మాది కానివ్వండి, మేం చేసినదానికి కథలో విలువ ఉండనివ్వండి’ అన్నదే ఆ మాట. పదిహేనేళ్లకు పైగా ఆటగాళ్లు దాన్నే రకరకాలుగా చెబుతూ వచ్చారు. మీరు విన్న రోజుల్లో గొప్ప కథలు వచ్చాయి. వినని రోజుల్లో ఎంత డబ్బు, ఎంత శ్రమ పెట్టినా ఆటగాడి మనసు అందులో నిలవలేదు.

మా దేశం సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2008లో ఫాల్‌అవుట్ 3 ప్రపంచమంతా విడుదలైనప్పుడు ఎక్స్‌బాక్స్ 360 మీద మా దేశానికి మాత్రం రాలేదు. ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాలను దృష్టిలో పెట్టుకుని తీసుకురావడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆటలో రెండు తలల ఆవులకు పెట్టిన ‘బ్రామిన్’ అన్న పేరే కారణమై ఉంటుందని పత్రికలు ఊహించాయి. కారణం ఏదైనా, ఆడాలా వద్దా అన్న నిర్ణయం మా తరఫున ఇంకెవరో తీసుకున్నారు. అయినా ఈ ఆటలు హైదరాబాదుకూ విజయవాడకూ విశాఖకూ వచ్చాయి. అమెరికాలో చదువుకుంటున్న మా పిల్లల గదుల్లోకీ వెళ్లాయి. మాకూ వీటి మీద అభిప్రాయాలున్నాయి. అవి మా భాషలోనే చెబుతున్నాను.

ఈ పత్రిక చదివేవాళ్లందరూ ఈ ఆటలు ఆడి ఉండకపోవచ్చు. వాళ్ల కోసం రెండు మాటలు. ఫాల్‌అవుట్ లోకంలో 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరుగుతుంది. రెండు గంటల్లో నాగరికత అంతా బూడిదవుతుంది. దశాబ్దాల తర్వాత, కొన్ని ఆటల్లో రెండు శతాబ్దాల తర్వాత, ఆ శిథిలాల మధ్యకు ఆటగాడు అడుగుపెడతాడు. చట్టం లేదు, పోలీసు లేడు, తప్పొప్పులు చెప్పే పెద్ద లేడు. నీళ్లెవరికి, తిండెవరికి, బతికేదెవరు అన్న ప్రశ్నలకు ఆటగాడే జవాబు వెతుక్కోవాలి. అందుకే ఈ లోకంలో నిర్ణయమన్నది ఆటకు పెట్టిన అలంకారం కాదు, అదే కథావస్తువు. 1997లో వచ్చిన మొట్టమొదటి ఫాల్‌అవుట్‌లో అసలు ప్రతినాయకుణ్ని తుపాకీ పేల్చకుండానే ఓడించవచ్చు. మనుషుల స్థానంలో తను సృష్టిస్తున్న కొత్త జాతికి పిల్లలు పుట్టరని సాక్ష్యంతో చూపిస్తే, తన జీవితమంతా పొరపాటేనని అతను ఒప్పుకుని తనను తానే అంతం చేసుకుంటాడు. మాటకు అంత బలం ఇచ్చిన ఆట అది. దాని హక్కులు 2007లో ఇంటర్‌ప్లే నుంచి మీ సంస్థ కొనుక్కుంది. ఆ హక్కులతోపాటు ఈ వారసత్వం కూడా మీ చేతికి వచ్చింది.

మీరు తీసిన ఫాల్‌అవుట్ 3 ముగింపును గుర్తు చేసుకోండి. రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి ఎవరో ఒకరు యంత్రాన్ని ప్రారంభించే కోడ్ నొక్కాలి. వెళ్లినవాళ్లు చనిపోతారు. ఆటగాడు వెళ్లాలి, లేదా పక్కనున్న యోధురాలు సారా లయన్స్ వెళ్లాలి. అయితే ఆ సమయంలో చాలామంది ఆటగాళ్ల పక్కన ఫాక్స్ ఉంటాడు. అతను సూపర్ మ్యూటెంట్, రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. అంతకు ముందు వాల్ట్ 87 అన్న భూగర్భ ఆశ్రయంలో అలాంటి గదిలోకే నడిచి వెళ్లి, మన కోసం ఒక యంత్రాన్ని తెచ్చిపెట్టినవాడు. అలాంటి ఫాక్స్‌ను ఈసారి వెళ్లమంటే, ఇది నీ విధి, నువ్వే వెళ్లాలి అంటూ తప్పుకుంటాడు. ఆటగాళ్లకు కోపం వచ్చింది అందుకే. చావాల్సి వచ్చినందుకు వాళ్లు బాధపడలేదు. కథలో అంతకు ముందు తండ్రి చేసిన త్యాగాన్ని బిడ్డ కూడా చేయడం మంచి ముగింపే. కానీ ఆట తనే నేర్పిన తర్కాన్ని చివరి నిమిషంలో తనే కాలదన్నింది. ప్రాణం పోకుండా పని జరిగే దారి కళ్లముందుంటే, ఆ దారిని రచయిత గోడ కట్టి మూశాడు.

మీరు విన్నారు. 2009 మేలో బ్రోకెన్ స్టీల్ అన్న డీఎల్‌సీ వచ్చింది. ముగింపు తర్వాత ఆట కొనసాగింది, లెవెల్ పరిమితి 20 నుంచి 30కి పెరిగింది, ఫాక్స్‌ను ఆ గదిలోకి పంపే వీలు కూడా దొరికింది. విడుదలైన ఆట ముగింపును ఆటగాళ్ల మాట విని మార్చడం అప్పట్లో పెద్ద నిర్ణయం. ఆ గౌరవాన్ని మీకు ఇవ్వాల్సిందే. కానీ సగమే విన్నారు. ఫాక్స్‌ను పంపినవాళ్లకు చివర్లో వినపడే వ్యాఖ్యానం మారలేదు. తండ్రి చూపిన త్యాగమార్గాన్ని బిడ్డ కాదన్నాడని, నిజమైన వీరుణ్ని లోపలికి పంపాడని ఆ గొంతు ఇంకా దెప్పిపొడుస్తూనే ఉంది. తలుపు తెరిచారు, కానీ లోపలికి వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిందించారు. ఎవరి ప్రాణమూ పోకుండా పని పూర్తి చేసినవాడు పిరికివాడెలా అవుతాడు? ఆటగాడు తెలివిగా ఎంచుకున్న దారికి కథ తలవంచాలి. తలవంచలేకపోతే కనీసం మౌనంగా ఉండాలి.

అదే ఏడాది మార్చిలో వచ్చిన డీఎల్‌సీ ద పిట్ చిన్నదే అయినా ఈ విషయంలో ఎంతో ముందుంది. పిట్స్‌బర్గ్ శిథిలాల్లో బానిసలు ఒకవైపు, వాళ్ల యజమాని ఆషర్ మరోవైపు. ఊరంతటినీ వికృతం చేస్తున్న రోగానికి మందు ఆషర్ కూతురి ఒంట్లోనే ఉంది. ఆ పసిపాపను ఎత్తుకొచ్చి తిరుగుబాటుదారుల చేతికిస్తావా, లేక మందు దొరికాక అందరినీ విడిచిపెడతానంటున్న బానిసల యజమానిని నమ్ముతావా? ఏది చేసినా చేదే మిగులుతుంది. ఆడి ముగించాక కూడా తను చేసింది సరైనదేనా అని వాదించుకున్న ఆటగాళ్లెందరో ఉన్నారు. వాదించుకోవడానికి అవకాశం ఇచ్చిన కథే మనసులో నిలుస్తుంది.

ఆటగాళ్ల అభిప్రాయం మొదటి వారంలో వినిపించినట్టే చివరిదాకా ఉండదన్నది కూడా మీకు తెలిసిందే. 2010లో అబ్సిడియన్ స్టూడియో చేసిన ఫాల్‌అవుట్: న్యూ వేగస్‌కు డెడ్ మనీ అన్న డీఎల్‌సీ వచ్చినప్పుడు చాలామంది విసుక్కున్నారు. ఆయుధాలన్నీ లాగేసుకున్నారు, మెడకు బాంబు పట్టీ కట్టారు, ఎక్కడో దాచిన స్పీకరు దగ్గరికి వెళ్తే ఆ పట్టీ బీప్ బీప్ అంటూ పేలిపోతుంది. ఊపిరాడనివ్వని ఎర్రటి మబ్బు ఊరంతా కమ్ముకుని ఉంటుంది. ఈ కష్టమంతా పడి సియెరా మాడ్రె కాసినో అడుగున ఉన్న ఖజానా చేరితే అక్కడ 37 బంగారు కడ్డీలుంటాయి. ఒక్కోటీ 35 పౌండ్లు. ఆటగాడు మోయగలిగేది అందులో చిన్న వంతు మాత్రమే. ఆశను వదులుకోవడం గురించి రాసిన కథ అది, చివరి పరీక్షను మాటల్లో కాకుండా ఆటగాడి చేతుల బరువులో పెట్టింది.

మొదట విసుక్కున్నవాళ్లలో చాలామంది ఏళ్ల తర్వాత దాన్ని ఈ ఆటల మొత్తంలోనే అత్యుత్తమ కథల్లో ఒకటిగా చెప్పుకుంటున్నారు. ఒక్క కడ్డీ కూడా వదలకుండా పట్టుకుపోవడానికి ఉపాయాలు కనిపెట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్లను ఆట ఆపలేదు. ‘వదులుకో’ అని కథ చెబుతున్నా, ‘వదలను’ అన్న ఆటగాడి మొండితనానికి కూడా అందులో చోటు దొరికింది. అందుకే నేను అడుగుతున్నది ఆటగాళ్లు అరిచినదల్లా ఇచ్చేయమని కాదు. కష్టంగా ఉందన్న ఫిర్యాదు వేరు, నన్ను లెక్కచేయలేదన్న ఫిర్యాదు వేరు. మొదటిది కాలంతోపాటు మెప్పుగా మారొచ్చు. రెండోది మారదు.

రెండోదానికి ఉదాహరణ కూడా న్యూ వేగస్‌లోనే ఉంది. 2011లో వచ్చిన లోన్‌సమ్ రోడ్‌లో యులిసిస్ అన్న పాత్ర ఆటగాణ్ని నిలదీస్తుంది. నువ్వు ఒకనాడు మోసుకొచ్చిన ఒక పెట్టె వల్లే ఈ ఊరు నాశనమైందని అంటుంది. రచన గొప్పగానే ఉంది, యులిసిస్ మాటలు మళ్లీమళ్లీ తలచుకునేలా ఉన్నాయి. అయినా చాలామంది ఆటగాళ్లు ఒప్పుకోలేదు. అప్పటిదాకా తమ పాత్ర గతాన్ని తామే ఊహించుకుంటూ వచ్చారు. హఠాత్తుగా రచయిత వచ్చి, వాళ్లు చేయని పనికి వాళ్లను దోషులను చేశాడు. దీనికి భిన్నంగా, అదే ఏడాది వచ్చిన ఆనెస్ట్ హార్ట్స్ ప్రధాన కథ మీద అది పొట్టిగా ఉందన్న విమర్శ వచ్చినా, జయన్ లోయ గుహల్లో దొరికే రాండల్ క్లార్క్ డైరీలను మెచ్చుకోనివాళ్లు అరుదు. యుద్ధం తర్వాత ఒంటరిగా బతికిన ఆ సైనికుడు, తప్పించుకుని పారిపోయి వచ్చిన పిల్లలను తనను చూడనివ్వకుండానే చాటుగా కాపాడతాడు. వాళ్లు అతన్ని గుహల్లోని తండ్రిగా తలచుకుంటారు. ఆ కథను ఆటగాడిమీద ఎవరూ రుద్దలేదు. వెతికినవాడికి దొరికింది, వెతకనివాడికి దొరకలేదు. ఆటగాడి స్వేచ్ఛను గౌరవిస్తూనే గుండె పిండే కథ చెప్పవచ్చని అంతకంటే రుజువు ఏం కావాలి?

ఇప్పుడు మీ స్టూడియో చేసిన అన్నిటికంటే మంచి పని గురించి చెబుతాను. 2015 నవంబరులో వచ్చిన ఫాల్‌అవుట్ 4లో సంభాషణను ఎప్పుడూ నాలుగు మాటలకే కుదించారు. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, వెటకరించవచ్చు, ప్రశ్న అడగవచ్చు. కాదన్నా చాలాచోట్ల కథ అదే దారిన పోయేది. ఆ పద్ధతి అనుకున్నంత బాగా పనిచేయలేదని తర్వాత మీరే ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని నేను గౌరవిస్తాను. ఆ దిద్దుబాటును మీ స్టూడియో 2016 మే 19న ఫార్ హార్బర్ రూపంలో చేసి చూపించింది.

అది మెయిన్ రాష్ట్ర తీరంలోని మౌంట్ డెజర్ట్ ద్వీపంలో జరిగే కథ. ఇల్లు విడిచి వెళ్లిన కూతురు కసుమిని వెతికి పెట్టమని ఒక తండ్రి, డిటెక్టివ్ నిక్ వాలెంటైన్ సాయం కోరతాడు. ఆ వెతుకులాట ఆటగాణ్ని పొగమంచు కమ్మిన ద్వీపానికి తీసుకెళ్తుంది. అక్కడ మూడు వర్గాలుంటాయి. ఒడ్డున బిక్కుబిక్కుమంటూ బతికే జాలర్లు ఒకవైపు. కొండమీద అకేడియాలో దాక్కున్న సింథ్‌లు, అంటే మనిషి రూపంలో తయారైన యంత్రజీవులు, మరోవైపు. పాత జలాంతర్గామి స్థావరంలో అణుశక్తినే దేవుడిగా కొలిచే చిల్డ్రన్ ఆఫ్ ఆటమ్ మూడోవైపు. వీళ్ల మధ్య శాంతి దారంలా సన్నగా వేలాడుతూ ఉంటుంది.

ఆ శాంతిని కాపాడుతున్న సింథ్‌ల నాయకుడు డీమా దాని కోసం ఎంత ఘోరం చేశాడో కథ నడుస్తున్నకొద్దీ బయటపడుతుంది. జాలర్ల ఊరి నాయకురాలు ఏవరీని ఎప్పుడో చంపి, ఆమె రూపంలో ఒక సింథ్‌ను ఆ స్థానంలో కూర్చోబెట్టాడు. ఆ కొత్త ఏవరీకి తను ఎవరో కూడా తెలియదు. ఊరు ఆమెను నమ్ముతుంది, ఆమె ఊరిని ప్రేమిస్తుంది. ఇప్పుడు ఆటగాడు ఏం చేయాలి? నిజం చెబితే రక్తపాతం జరగొచ్చు. చెప్పకపోతే ఒక హత్యను మంచి ఉద్దేశం పేరుతో మన్నించినట్టు అవుతుంది. మూడు వర్గాలూ బతకాలంటే మళ్లీ డీమా చేసిన పనే చేయాలి, ఈసారి అణుభక్తుల మతగురువును తప్పించి సింథ్‌ను అతని స్థానంలో పెట్టాలి. కాదంటే గాలిమరలు ఆపి ఊరిని పొగమంచుకు వదిలేయవచ్చు, లేదా జలాంతర్గామిలోని అణ్వాయుధాన్ని పేల్చి అణుభక్తుల స్థావరాన్ని మట్టిలో కలపవచ్చు. ఏ దారీ మచ్చ లేనిది కాదు. ఎంచుకున్న దారికి ఆటగాడే పూర్తిగా జవాబుదారీ.

చాలామంది ఆటగాళ్లకు ఎక్కువగా నచ్చిన వివరం దీనికంటే చిన్నది. డీమా నేరం ఊరి ముందు బయటపడ్డప్పుడు జనం కోపంతో అకేడియా మీదికి దండెత్తాలంటారు. అప్పుడు ఆటగాడు అంతకు ముందు ఆ ఊళ్లో ఎవరెవరికి సాయం చేశాడో లెక్కలోకి వస్తుంది. గోడను బలపరిచాడా, ఒక ముసలామె పగను తీర్చాడా, ఒకడి మామను కాపాడాడా అన్నవి. సాయం పొందినవాళ్లు ముందుకొచ్చి, తప్పు చేసినవాడొక్కడినే శిక్షిద్దాం, మిగతావాళ్లను వదిలేద్దాం అని మాట్లాడతారు. ఆడుతున్నప్పుడు చిల్లరగా తోచిన పనులన్నీ చివర్లో ఒక ఊరి ప్రాణాల్ని నిలబెట్టే సాక్ష్యాలుగా మారతాయి. ఊళ్లలో పెరిగిన మాకు ఇది బాగా తెలుసు. పంచాయతీ రచ్చబండ దగ్గర ఒకరి మాటకు విలువ వచ్చేది అతను గతంలో ఎవరికి అండగా నిలిచాడన్న దాన్నిబట్టే.

ఇంకొక మాట. డీమా ఆటగాణ్ని అడిగే ఒక ప్రశ్న ఉంది: నీకు గుర్తున్న మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటి? ఆట మొదలైన ఉదయం తప్ప ఆటగాడికి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. అంటే నువ్వు కూడా సింథ్‌వేనా? ఆ ప్రశ్నకు ఆట జవాబు చెప్పదు. కసుమి విషయంలో కూడా తేల్చి చెప్పదు. ఆమెను ఇంటికి పంపాలా, తను నమ్మిన చోటే ఉండనివ్వాలా అన్నది కూడా ఆటగాడి చేతిలోనే ఉంటుంది. అనుమానాన్ని అలా వదిలేయగలిగిన ధైర్యమే ఫార్ హార్బర్‌ను గొప్ప కథగా నిలబెట్టింది. డీమా జ్ఞాపకాల్లోకి వెళ్లడానికి పెట్టిన దిమ్మెల పజిల్‌ను అందరూ తిట్టుకున్నారు, కన్సోళ్ల మీద పొగమంచులో ఆట నత్తనడక నడిచింది. అయినా కథ మీద గౌరవం చెక్కుచెదరలేదు.

అయితే మూడు నెలలకే, అదే ఏడాది ఆగస్టు 30న, ఒక వినోద ఉద్యానవనంలో జరిగే నూకా-వరల్డ్ వచ్చింది. ఫార్ హార్బర్‌లో నేర్చుకున్నదంతా అక్కడ కనిపించకుండా పోయింది. అడుగుపెట్టగానే ఆటగాడు దోపిడీ ముఠాలకు నాయకుడవుతాడు. అప్పటిదాకా ఎన్నో ఊళ్లను నిలబెట్టినవాడు, మినిట్‌మెన్ దళానికి జనరల్‌గా ఉన్నవాడు, ఇప్పుడు ఆ ఊళ్లనే కొల్లగొట్టాలి. కొల్లగొడితే ఆ దళంలోని సహచరుడు ప్రెస్టన్ గార్వీ శాశ్వతంగా దూరమవుతాడు. మంచి దారి కావాలనుకున్నవాడికి మిగిలింది ఒకటే, ముఠాలన్నిటినీ చంపేయడం. చంపేస్తే ఆ ఉద్యానవనంలోని కథ చాలావరకు అక్కడితో ముగిసిపోతుంది. బానిసలుగా ఉన్న వ్యాపారులతో కలిసి తిరుగుబాటు నడిపే కథ ఉండొచ్చు కదా అని ఆటగాళ్లు అడిగారు. మినిట్‌మెన్‌ను అక్కడికి తీసుకురాలేమా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నలే. దుర్మార్గుడిగా ఆడే అవకాశం ఇవ్వడం మంచిదే, ఆ రుచి చాలామందికి నచ్చింది కూడా. కానీ ‘కాదు’ అన్నవాడి కోసం ఏ కథా రాయకపోవడం అన్యాయం. కాదన్నవాడు కూడా డబ్బు పెట్టి కొన్నవాడే.

ఆటలు ఎంత పెద్దవైనా ఈ పాఠం తప్పదని ఫాల్‌అవుట్ 76 చూపింది. 2018 నవంబరులో విడుదలైనప్పుడు అందులో మాట్లాడే మనుషులే లేరు. టేపులు, కంప్యూటర్లు, శవాలు, రోబోలు ఉన్నాయి. చనిపోయినవాళ్ల గొంతులు విని అంతా అయిపోయాక ఊరు చేరడమే కథ. వాటిలో కొన్ని నిజంగా మనసు కదిలించేవి. కానీ చనిపోయినవాడితో మాట్లాడలేం, ఒప్పించలేం, మోసం చేయలేం, క్షమాపణ అడగలేం. ఎదుట మనిషి లేనిచోట నిర్ణయానికి బరువు ఉండదు. ఆటగాళ్లు దీన్నే ఎన్నో రకాలుగా చెప్పారు, కొందరు చాలా పరుషంగా కూడా చెప్పారు.

మీరు మళ్లీ విన్నారు. 2020 ఏప్రిల్ 14న వేస్ట్‌లాండర్స్ వచ్చింది, అదీ ఉచితంగా. ఫౌండేషన్‌లో స్థిరపడ్డవాళ్లు ఒకవైపు, క్రేటర్‌లో దోపిడీదార్లు మరోవైపు. ఇద్దరి కన్నూ వాల్ట్ 79లో ఉన్న బంగారం మీదే. ఎవరితో కలిసి లోపలికి వెళ్లాలి, దొరికినదాన్ని ఎవరెవరికి పంచాలి అన్నది ఆటగాడే తేల్చుకోవాలి. సంభాషణల్లో పాత పద్ధతి తిరిగొచ్చింది, ఆటగాడి తెలివికీ మాటకారితనానికీ విలువ దొరికింది. లాక్‌డౌన్లతో ప్రపంచమంతా ఇళ్లలో కూర్చున్న ఆ రోజుల్లో, ఆటలోకి మనుషులు తిరిగొచ్చారు. ఆటను వదిలేసినవాళ్లు ఎందరో మళ్లీ వచ్చి చూశారు. విడుదలైన రోజున అంత నిరసన ఎదుర్కొన్న ఆట ఈనాటికీ బతికి ఉండడానికి ఆ అనుబంధ కథే పెద్ద కారణమని నేను నమ్ముతున్నాను. అయితే అది చేతులు కాలాక పట్టుకున్న ఆకు. ఏడాదిన్నర తర్వాత చేసిన పనిని మొదటి రోజునే చేసి ఉంటే ఎంత బాగుండేది!

ఈ చరిత్ర అంతా ముందు పెట్టి, వచ్చే ఫాల్‌అవుట్ కోసం ఆరు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది: ఏ అనుబంధ కథలోనైనా ‘కాదు’ అన్నవాడికి కూడా ఒక దారి రాయండి. అది మిగతా దారులంత పెద్దది కానక్కరలేదు. నిజమైన దారి అయితే చాలు, తుపాకీ ఒక్కటే మిగలకూడదు.

రెండోది: చిన్న పనులకు చివర్లో విలువ ఇవ్వండి. ఫార్ హార్బర్ ఊరి మనుషులు సాక్ష్యం చెప్పినట్టు, ఆటగాడు చేసిన మేలూ కీడూ కథ మలుపు తిరిగేచోట ఎదురుపడాలి.

మూడోది: ఆటగాడి గతాన్ని మీరు రాయకండి. ప్రశ్నలు వేయండి, అనుమానాలు నాటండి. జవాబు మాత్రం ఆటగాడికే వదలండి.

నాలుగోది: చివర్లో వచ్చే వ్యాఖ్యానం జరిగిందేమిటో చెప్పాలి తప్ప ఆటగాడికి శీలపరీక్ష పెట్టకూడదు. బ్రోకెన్ స్టీల్‌లో వినిపించిన ఆ నింద ఇంకెప్పుడూ వినపడకూడదు.

ఐదోది: కథ పేరుతో కథే అమ్మండి. ఫాల్‌అవుట్ 4 సీజన్ పాస్ ధర 2016 మార్చి 1న 30 డాలర్ల నుంచి 50 డాలర్లకు పెరిగింది. ఆరు డీఎల్‌సీల్లో మూడు ఊళ్లు కట్టే సామగ్రికి సంబంధించినవే. ఊళ్లు కట్టడం ఇష్టమైనవాళ్లకు అవి మంచివే, వాళ్ల ఆనందాన్ని నేను తక్కువ చేయను. కథ కోసం డబ్బు పెట్టినవాళ్లకు మాత్రం తమకు దక్కేదేమిటో ముందే స్పష్టంగా తెలియాలి.

ఆరోది అన్నిటికంటే పెద్దది. బాగా చేసిన పనిని అనుబంధ కథల కోసం దాచుకోకండి. ప్రధాన కథలో మీరు జాగ్రత్తపడతారు, అందరికీ నచ్చాలని గీతలు గీస్తారు. ఆట అమ్ముడయ్యాక, కొంత భయం తగ్గాక, చిన్న బృందం చేతిలో పడ్డ కథ ధైర్యంగా పుడుతుంది. ద పిట్, ఫార్ హార్బర్ అలాగే పుట్టాయి. ఆ ధైర్యాన్ని మొదటి రోజు నుంచే, ప్రధాన కథలోనే పెట్టండి. ఆటగాళ్లు పొగిడిన ప్రతి అనుబంధ కథ వెనకా, ఇది అసలు ఆటలోనే ఉంటే ఎంత బాగుండేదన్న వేదన ఉంది. ఆ వేదనను తీర్చగలిగినవారు మీరే.

వీటికి తోడు మా వైపు నుంచి ఇంకొక మాట. ఫాల్‌అవుట్ 4లో ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీస్ వంటి భాషలున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇవి మాటలతో నడిచే ఆటలు. డీమా మాటల్లో ఏది నిజమో ఏది సాకో పట్టుకోవాలంటే ప్రతి వాక్యం మనసుకు ఎక్కాలి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు మాత్రమే నిర్ణయించే హక్కు పూర్తిగా దక్కితే అది సగం హక్కే. తెలుగు, తమిళం, హిందీ, బెంగాలీ, మరాఠీలో కనీసం సబ్‌టైటిళ్లయినా ఇవ్వండి. ఒకప్పుడు ఆటే రాని దేశం ఇది. ఇప్పుడు ఆట వస్తోంది, కథ కూడా పూర్తిగా రావాలి.

2021లో మీ సంస్థ మైక్రోసాఫ్ట్ నీడలోకి వచ్చింది. అబ్సిడియన్ అంతకు ముందే వచ్చింది. డెడ్ మనీ, ఆనెస్ట్ హార్ట్స్ చేసిన స్టూడియో, ఫార్ హార్బర్ చేసిన స్టూడియో ఇప్పుడు ఒకే యాజమాన్యం కింద ఉన్నాయి. ఈ లోకానికి మంచి కథలు రాయడానికి కావలసిన మనుషులు, అనుభవం, డబ్బు అన్నీ ఒకేచోట ఉన్న సమయం ఇది. ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఈ లేఖలో కటువుగా చెప్పిన ప్రతి మాట వెనకా మీ ఆటల మీద ప్రేమే ఉంది. ఇష్టం లేనివాళ్లు ఇంత ఓపికగా ఫిర్యాదు చేయరు, మూసేసి వెళ్లిపోతారు. పదిహేనేళ్లుగా ముగింపు గురించీ, బంగారు కడ్డీల గురించీ, డీమా నేరం గురించీ ఇంకా వాదించుకుంటున్న ఆటగాళ్లు మీ మొదటి పాఠకులు. వాళ్ల అభిప్రాయాలను విడుదల తర్వాత దిద్దుబాటు కోసం కాకుండా, రాయడం మొదలుపెట్టేటప్పుడే వినండి. మీరు లోకాన్ని కట్టండి, మనుషులను నిలబెట్టండి, సమస్యను మా ముందు పెట్టండి. ఆ తర్వాత పక్కకు జరగండి. నిర్ణయం మేం తీసుకుంటాం, దాని భారం కూడా మేమే మోస్తాం.

గౌరవాభిమానాలతో,

ఫాల్‌అవుట్ ఆటలను ప్రేమించే ఒక తెలుగు ఆటగాడు